చదువుకునే అమ్మ బిడ్డని ఎవరు చూస్తారు? పండిత రమాబాయి నుంచి మన కాలేజీల దాకా

హిస్టరీ ఎపిసోడ్ అనగానే రాజులు, యుద్ధాలు, కోటలు అనుకుంటాం. ఈరోజు అవేమీ లేవు. ఒకే ఒక్క ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళ్దాం. చంటిబిడ్డ ఉన్న ఒంటరి తల్లి చదువుకోవాలనుకుంది. ఆవిడ క్లాసులో కూర్చున్నంతసేపూ ఆ బిడ్డని ఎవరు చూసుకుంటారు?

మనలో చాలామంది వెంటనే ఇచ్చే సమాధానం, "ఇంకెవరు, అమ్మమ్మ". సరే, అమ్మమ్మ లేకపోతే? అమ్మమ్మ ఊళ్ళో ఉండి, కాలేజీ హైదరాబాద్‌లో ఉంటే? లేదా ఆ అమ్మమ్మే, "ఇప్పుడు నీకు చదువెందుకే, బిడ్డని చూసుకో" అంటే?

నేను బీటెక్ చేసి కొన్నేళ్ళు కోడ్ రాసినవాణ్ణి. మా పనిలో డిపెండెన్సీ అని ఒక మాట ఉంది. మీరు రాసిన ప్రోగ్రామ్ ఎంత బాగున్నా, అది ఆధారపడిన ఇంకో ముక్క సిస్టంలో లేకపోతే రన్ అవ్వదు. ఒంటరి తల్లి చదువుకి అలాంటి డిపెండెన్సీ ఆ బిడ్డ ఉండే చోటు. సీటు వచ్చినా, ఫీజు కట్టినా, పుస్తకాలు కొన్నా, పొద్దున తొమ్మిదింటికి బిడ్డని ఎక్కడ వదలాలో తెలియకపోతే మిగతావన్నీ అక్కడే ఆగిపోతాయి.

ఈ సమస్యని సొంత జీవితంలో మోసి, తర్వాత దానికి జవాబుగా ఒక సంస్థే కట్టిన మనిషి మన దేశంలో ఉన్నారు. పేరు పండిత రమాబాయి. స్కూల్ పుస్తకంలో రెండు లైన్లలో చదివి వదిలేసిన పేరు. కాస్త ఆగి చూద్దాం.

ఏడాది నిండని కూతురు, 23 ఏళ్ళ తల్లి

రమాబాయి 1858లో పుట్టారు. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే సంస్కృత పండితుడు. ఆడవాళ్ళకి సంస్కృతం చెప్పకూడదు అనుకునే రోజుల్లో ఆయన భార్య లక్ష్మీబాయికి నేర్పారు. లక్ష్మీబాయి కూతురికి నేర్పారు. ఒక ఊరు, ఒక ఇల్లు, ఒక బడి అని ఏమీ లేదు. కుటుంబమంతా తీర్థయాత్రలు చేస్తూ, గుళ్ళలో పురాణం చెప్పుకుంటూ తిరిగేది.

1870ల మధ్యలో వచ్చిన కరువులో తండ్రి, తల్లి, అక్క ఒకరి తర్వాత ఒకరు పోయారు. మిగిలింది రమాబాయి, అన్న శ్రీనివాస్. ఇద్దరూ నడుచుకుంటూ ఊళ్ళు తిరిగి 1878లో కలకత్తా చేరారు. అక్కడి పండితులు ఈ అమ్మాయి సంస్కృతం విని ఆశ్చర్యపోయి "పండిత", "సరస్వతి" అని బిరుదులిచ్చారు. 1880లో అన్న కూడా పోయాడు. అదే ఏడాది రమాబాయి బిపిన్ బిహారీ మేధ్వీ అనే బెంగాలీ లాయర్‌ని పెళ్ళి చేసుకున్నారు. కులాలు వేరు, భాషలు వేరు, సివిల్ మ్యారేజ్. 1881 ఏప్రిల్‌లో కూతురు పుట్టింది. పేరు మనోరమ.

1882 ఫిబ్రవరిలో కలరా వచ్చి భర్త పోయారు. కూతురికి ఇంకా ఏడాది నిండలేదు. రమాబాయికి 23 ఏళ్ళు. పుట్టింటి నుంచి ఎవరూ మిగల్లేదు. అంటే అమ్మమ్మ ఆప్షనే లేదు.

ఒక తేదీ పక్కన పెట్టుకోండి. దీనికి దాదాపు రెండు నెలల ముందు, 1881 డిసెంబర్ 11న, రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించారు. దేశం మొత్తం మీద ఒకటే ప్రశ్న నలుగుతోంది: భర్త పోయిన చిన్న వయసు ఆడపిల్లల సంగతేంటి? వీరేశలింగం గారి జవాబు ప్రధానంగా మళ్ళీ పెళ్ళి. రమాబాయి జవాబు చదువు, దాంతోపాటు సొంత సంపాదన. రెండూ అవసరమే. కానీ రెండో దారిలో వెళ్ళే తల్లికి ఒక అదనపు చిక్కు ఉంది. ఆ చిక్కు చంకలో ఉంది.

టికెట్ డబ్బులు ఒక పుస్తకం నుంచి

భర్త పోయాక రమాబాయి పుణె వచ్చారు. ఆడవాళ్ళ చదువు కోసం ఆర్య మహిళా సమాజం మొదలుపెట్టారు. అదే 1882లో హంటర్ కమిషన్ దేశంలో చదువుల పరిస్థితి గురించి అందరి అభిప్రాయాలు తీసుకుంటూ పుణె వచ్చింది. దాని ముందు రమాబాయి చెప్పింది సూటిగా ఉంది. ఆడపిల్లలకి ఆడ టీచర్లు కావాలి, ఆడవాళ్ళకి ఆడ డాక్టర్లు కావాలి.

అయితే డాక్టర్ నేనే ఎందుకు అవ్వకూడదు అనుకున్నారు. మరాఠీలో "స్త్రీ ధర్మ నీతి" అని పుస్తకం రాశారు. దాని మీద వచ్చిన డబ్బుతో ఇంగ్లండ్ ప్రయాణం పెట్టుకున్నారు. 1883లో రెండేళ్ళ మనోరమని తీసుకుని ఓడ ఎక్కారు.

దీన్ని ఇప్పటి మాటల్లో చెప్పుకుందాం. ఒక సింగిల్ మదర్ పుస్తకం రాసి, ఆ డబ్బుతో టికెట్ కొని, రెండేళ్ళ పాపతో పైచదువుకి విదేశం వెళ్ళారు. అదీ 1883లో. ఇంగ్లీష్ అక్కడికి వెళ్ళాక గట్టిగా నేర్చుకోవాలి. పార్ట్‌టైమ్ ఉద్యోగాల యాప్ లేదు, వీడియో కాల్ లేదు.

ఇంగ్లండ్‌లో వాంటేజ్ అనే ఊళ్ళో ఉన్న ఆంగ్లికన్ సిస్టర్స్ వాళ్ళని ఉంచుకున్నారు. కానీ డాక్టర్ చదువు కుదరలేదు. రమాబాయికి వినికిడి తగ్గుతోంది, ఆ పరిస్థితిలో మెడిసిన్ కష్టం అన్నారు. ఆవిడ ఆగలేదు. 1884లో చెల్టెన్‌హామ్ లేడీస్ కాలేజీలో చేరారు. ఒక పక్క సంస్కృతం చెబుతూ, ఇంకో పక్క లెక్కలు, సైన్స్, ఇంగ్లీష్ చదివారు. అదే 1883లో ఆవిడ సిస్టర్ల దగ్గరే బాప్తిస్మం తీసుకుని క్రైస్తవంలోకి మారారు. ఇది మన దేశంలో పెద్ద దుమారం రేపింది. ఆ చర్చ వేరే ఎపిసోడ్ అంత ఉంటుంది. మన ప్రశ్న బిడ్డ కాబట్టి అటే వెళ్దాం.

చూసుకునేవాళ్ళు షరతులు పెడితే?

రమాబాయి చదువులో ఉన్నప్పుడు మనోరమ పెంపకంలో వాంటేజ్ సిస్టర్ల చెయ్యి చాలా ఉండేది. ప్రేమగానే చూసుకున్నారు. దాన్ని తక్కువ చెయ్యక్కర్లేదు. కానీ ఆ పాపకి మతం ఏ తీరులో నేర్పాలి, ఎవరు నేర్పాలి అన్న దగ్గర తల్లికీ సిస్టర్లకీ గట్టి గొడవ వచ్చింది. రమాబాయికి, సిస్టర్ జెరల్డీన్‌కి మధ్య నడిచిన ఉత్తరాలు తర్వాత పుస్తకంగా అచ్చయ్యాయి. రమాబాయి వాళ్ళ మతంలోకి వచ్చారు నిజమే. అయినా ఏం నమ్మాలో తనే తేల్చుకుంటాను అన్నారు. శాకాహారం వదల్లేదు. కూతురు విషయంలో ఆఖరి మాట తల్లిదే ఉండాలని పట్టుబట్టారు.

ఆవిడ పరిస్థితి ఊహించండి. మీ చదువు ఒకరి సాయం మీద నడుస్తోంది. మీ బిడ్డ అన్నం, నిద్ర, అన్నీ వాళ్ళ దగ్గరే. అప్పుడు వాళ్ళతో "ఇది నా కూతురు, ఇలా పెంచొద్దు" అని రాయాలంటే ఎంత ధైర్యం కావాలి? సాయం ఆగిపోతే రెండూ పోతాయి, చదువూ, బిడ్డకి ఉన్న నీడా.

ఈ కథలో నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించింది ఇదే. బిడ్డని చూసుకునేవాళ్ళ చేతిలో తల్లి మీద చాలా అధికారం ఉంటుంది. అది కాన్వెంట్ కావచ్చు, అత్తగారు కావచ్చు, "నేను పెంచుతున్నా కదా, నా మాట విను" అనే సొంత అన్న కావచ్చు. అందుకే ఈ విషయంలో చోటు ఉందా అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు. ఆ చోటు ఏ షరతు మీద దొరుకుతోంది అని కూడా అడగాలి.

ఫిలడెల్ఫియాలో నేర్చుకున్న చిన్నపిల్లల బడి

1886లో రమాబాయి అమెరికా వెళ్ళారు. కారణం ఒక గ్రాడ్యుయేషన్. ఫిలడెల్ఫియాలోని ఉమెన్స్ మెడికల్ కాలేజీలో ఆనందీబాయి జోషి డాక్టర్ పట్టా తీసుకుంటున్నారు. రమాబాయికి ఆవిడ దూరపు బంధువు. మార్చి 11న ఆ కార్యక్రమం చూడటానికి మనోరమని కూడా వెంటబెట్టుకుని వెళ్ళారు. కొన్ని రోజులుండి వచ్చేద్దాం అనుకున్న ప్రయాణం రెండేళ్ళు దాటింది. మనోరమ మాత్రం కొన్నాళ్ళకి తిరిగి వాంటేజ్‌కే వెళ్ళాల్సి వచ్చింది. ఊరూరా తిరిగి మాట్లాడే తల్లి వెంట చిన్నపిల్ల ఎంతకాలం తిరుగుతుంది?

అమెరికాలో రమాబాయి దృష్టి కిండర్‌గార్టెన్ మీద పడింది. ఇప్పుడు మనకి ఇది ఎల్‌కేజీ, యూకేజీ అడ్మిషన్లకి సంబంధించిన మాట. అప్పుడు అది కొత్త ఆలోచన. జర్మనీలో ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ అనే ఆయన 1837లో ఇలాంటి బడి మొదలుపెట్టి, 1840లో దానికి ఆ పేరు పెట్టారు. పిల్లల తోట అని అర్థం. పలక పట్టించి బెత్తం చూపించడం కాదు, ఆటలు, పాటలు, చెక్క దిమ్మలు, చేతిపనులతో నేర్పడం. రమాబాయి ఫిలడెల్ఫియాలో దాన్ని పద్ధతిగా నేర్చుకున్నారు.

సంస్కృతంలో పండిత బిరుదున్న మనిషి చెక్క దిమ్మల క్లాసులో ఎందుకు కూర్చున్నారు? ఆవిడ లెక్క ఇది. భర్త పోయిన అమ్మాయికి చదువు చెప్పాలంటే తిండి, గది, పుస్తకం కావాలి. చదివాక ఉద్యోగం కావాలి. చిన్నపిల్లల టీచర్ పని ఆ ఉద్యోగం అవుతుంది. ఒక ఆడపిల్ల చదువుకి దారి దొరికితే, ఆమె తర్వాత వచ్చే పిల్లలకి దారి చూపిస్తుంది. తల్లి తరం, పిల్లల తరం అని విడివిడిగా కాకుండా ఒకే లెక్కలో వేశారు.

1887లో "ద హై కాస్ట్ హిందూ ఉమన్" అని ఇంగ్లీష్‌లో పుస్తకం వేశారు. అదే ఏడాది డిసెంబర్‌లో బోస్టన్‌లో రమాబాయి అసోసియేషన్ ఏర్పడింది. పదేళ్ళపాటు ఆవిడ స్కూల్‌కి డబ్బు పంపుతామని మాటిచ్చారు. అమెరికాలో ఊరూరా రమాబాయి సర్కిల్స్ అని చిన్న గ్రూపులు పెట్టుకుని చందాలు వేసుకున్నారు. మనం ఇప్పుడు క్రౌడ్‌ఫండింగ్ అంటున్నదే. వాంటేజ్‌లో నేర్చుకున్న పాఠం ఇక్కడ కనిపిస్తుంది. ఈ స్కూల్‌లో మతబోధ ఉండదు, ఎవరి ఆచారం వాళ్ళది అన్నది ఆ ఏర్పాటులో ముఖ్యమైన నియమం.

1889 మార్చి 11న బొంబాయిలో శారదా సదన్ తెరిచారు. మరుసటి ఏడాది అది పుణెకి మారింది. అక్కడ చేరిన మొదటి వితంతు విద్యార్థిని గోదూబాయి. ఎనిమిదేళ్ళకే భర్త పోయిన అమ్మాయి. ఆవిడే 1893లో ధోండో కేశవ్ కర్వేని పెళ్ళి చేసుకుని ఆనందీబాయి కర్వే అయ్యారు. ఆ కర్వే 1896లో పుణెలో మొదలుపెట్టిన వితంతు గృహం, తర్వాత మన దేశంలో మొదటి మహిళా యూనివర్సిటీకి మొదటి మెట్టు అయింది.

ఇంకో మలుపు ఉంది. ఆనందీబాయికి పార్వతీబాయి అఠవలే అని ఒక చెల్లెలు. ఇరవై ఏళ్ళకే భర్త పోయారు, చేతిలో చిన్న కొడుకు. అక్క చదువుకుని నిలబడటం చూసి ఆవిడా పుణె వచ్చి చదువు మొదలుపెట్టారు. తర్వాత కర్వే సంస్థకే సూపరింటెండెంట్ అయ్యారు. దాని కోసం చందాలు పోగెయ్యడానికి అమెరికా దాకా వెళ్ళి, అక్కడ ఇళ్ళల్లో పని చేసుకుంటూ బతికారు. ఒక్క శారదా సదన్ సీటు నుంచి ఇంత దూరం వెళ్ళింది.

కథ మొత్తం తియ్యగా ఉందని మాత్రం అనుకోవద్దు. 1893లో శారదా సదన్ మీద పెద్ద ఆరోపణ వచ్చింది. నియమం కాగితం మీదే ఉంది, లోపల అమ్మాయిలని క్రైస్తవం వైపు లాగుతున్నారు అని. రమాబాయి తన ప్రార్థన తలుపులు మూసుకుని చెయ్యను అన్నారు, ఇష్టమున్న అమ్మాయిలు వచ్చి కూర్చునేవారు. సలహా సంఘంలో ఉన్న రానడే, భండార్కర్ తప్పుకున్నారు. చాలా కుటుంబాలు పిల్లల్ని తీసుకెళ్ళిపోయాయి. ఎవరిది తప్పు అని నూట ముప్పై ఏళ్ళ తర్వాత కూడా వాదిస్తున్నారు. నాకు కనిపించేది ఒకటే. వాంటేజ్‌లో కూతురి గురించి ఆవిడ ఏ ప్రశ్న అడిగారో, పుణెలో ఆ తల్లిదండ్రులు ఆవిడని అదే అడిగారు. మా పిల్ల మీ నీడలో ఉంది కాబట్టి మీ నమ్మకం కూడా మోయాలా? సాయం చేసే సంస్థ ఎంత మంచిదైనా ఈ ప్రశ్న దాన్ని వదలదు.

1896-97 కరువులో రమాబాయి వందలమంది ఆడవాళ్ళని, పిల్లల్ని పుణె దగ్గరి కేడ్‌గావ్‌కి తీసుకొచ్చి ముక్తి అనే ఆశ్రయం పెట్టారు. ఇది నేరుగా క్రైస్తవ సంస్థగానే నడిచింది. మనోరమ పెద్దయ్యి, చదువుకుని, తల్లికి కుడిభుజంగా శారదా సదన్ స్కూల్ చూసుకున్నారు. అప్పటి హైదరాబాద్ నిజాం రాజ్యంలో ఉన్న గుల్బర్గాలో స్కూల్ పెట్టడం వెనక కూడా ఆవిడే ఉన్నారు. 1921లో తల్లి కంటే ముందే మనోరమ పోయారు. 1922 ఏప్రిల్‌లో రమాబాయి.

మన దుర్గాబాయి లెక్క

ఇప్పుడు మన వైపు వద్దాం. రమాబాయి ప్రైవేట్ చందాలతో చేసిన పనిని ప్రభుత్వ డబ్బుతో దేశమంతటా చెయ్యాలని చూసిన మనిషి మన రాజమండ్రిలో, 1909లో పుట్టారు. దుర్గాబాయి దేశ్‌ముఖ్.

దుర్గాబాయికి ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. పెద్దయ్యాక ఆ పెళ్ళిలోంచి బయటికి వచ్చారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళారు. తర్వాత బెనారస్ హిందూ యూనివర్సిటీ మెట్రిక్ ప్రైవేటుగా కట్టి పాసయ్యారు. డిగ్రీకి ఆంధ్రా యూనివర్సిటీకి వెళ్తే, అమ్మాయిలకి హాస్టల్ లేదు కాబట్టి సీటు కష్టం అన్నారు. ఆవిడ ఏం చేశారంటే, తనలా చదవాలనుకునే అమ్మాయిలు ఎవరున్నారో పేపర్లో ప్రకటన ఇచ్చి పోగేసి, హాస్టల్ మొదలయ్యేలా చూశారు. సీటు ఇవ్వడానికి ఎవరికీ అభ్యంతరం లేదు, సీటు చుట్టూ ఉండాల్సిన ఏర్పాటే లేదు. మళ్ళీ మన డిపెండెన్సీ.

1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. అక్కడ మొదట్లో చేసిన పనుల్లో ముఖ్యమైనది, మధ్యలో బడి మానేసిన ఆడవాళ్ళని బెనారస్ మెట్రిక్‌కి ప్రిపేర్ చెయ్యడం. ఓపెన్ స్కూల్, డిస్టెన్స్ అనే మాటలు రాకముందు సంగతి.

1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడితే దానికి మొదటి చైర్‌పర్సన్ ఆవిడే. ఈ బోర్డు సొంతంగా బడులు కట్టడం కంటే, అప్పటికే ఊళ్ళలో పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థలకి గ్రాంట్లు ఇచ్చే దారి ఎంచుకుంది. 1958లో కండెన్స్‌డ్ కోర్సులు మొదలయ్యాయి. చదువు ఆగిపోయిన పెద్ద వయసు ఆడవాళ్ళు, ముఖ్యంగా భర్త పోయినవాళ్ళు, భర్త వదిలేసినవాళ్ళు, రెండేళ్ళలో మిడిల్ స్కూల్ లేదా మెట్రిక్ స్థాయి పరీక్ష రాసెయ్యాలి. పాసయ్యాక బాలసేవిక, గ్రామసేవిక, నర్స్, టీచర్ ట్రైనింగ్‌లకి వెళ్ళాలి. ఊళ్ళలో ఈ ఉద్యోగాలకి కనీస చదువున్న ఆడవాళ్ళు దొరకట్లేదు, ఇటు చదువు లేక బతుకుతెరువు లేని ఆడవాళ్ళు ఉన్నారు. రెండు సమస్యలని ఎదురెదురుగా కూర్చోబెట్టారు.

రమాబాయి లెక్కే ఇది. చదువుకున్న ఒంటరి స్త్రీ బాలవాడి టీచర్ అవుతుంది. ఆ బాలవాడి ఇంకో తల్లి చేతులు ఖాళీ చేస్తుంది.

చట్టంలో ఉన్న తల్లి, లేని తల్లి

ఇక్కడ నుంచి కథ కాస్త చిరాకు పెడుతుంది. స్వాతంత్ర్యం తర్వాత పిల్లల సంరక్షణ గురించి మన దగ్గర చట్టాలు వచ్చాయి. వరసగా చూడండి.

1948 ఫ్యాక్టరీల చట్టం: 50 మందికి మించి ఆడవాళ్ళు పనిచేసే ఫ్యాక్టరీలో క్రెష్ ఉండాలని పెట్టారు. 1976లో ఆ సంఖ్యని 30కి తగ్గించారు. 1969లో ఢిల్లీలో గాంధీ శతజయంతి ఎగ్జిబిషన్ కడుతున్న చోట కూలీల పిల్లలు మట్టిలో పడి ఉండటం చూసి మీరా మహదేవన్ ఒక టెంట్‌లో మొబైల్ క్రెషెస్ సంస్థ మొదలుపెట్టారు. ఇదీ పనిచేసే తల్లుల కోసమే. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించి, 50 లేదా అంతకంటే ఎక్కువమంది ఉద్యోగులున్న సంస్థలో క్రెష్ సదుపాయం ఉండాలని, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డని చూసుకోవచ్చని పెట్టారు.

అన్నిట్లో కామన్‌గా ఉన్నది ఏంటి? తల్లి అంటే ఉద్యోగి. క్రెష్ పని దగ్గర ఉంటుంది. మరి చదువుకునే తల్లి? ఆమె ఫ్యాక్టరీలో లేదు, ఆఫీసులో లేదు, పే స్లిప్ లేదు. స్టూడెంట్ ఐడీ కార్డు ఉంది. ఆ కార్డుకి ఈ చట్టాల్లో క్రెష్ రాదు.

అంగన్‌వాడీ ఉంది కదా అంటారు. ఉంది. 1975 అక్టోబర్ 2న ఐసీడీఎస్ మొదలైన దగ్గర్నుంచి కోట్లమంది పిల్లలకి తిండి, ఆటపాటల చదువు అందించిన గొప్ప ఏర్పాటు అది. కానీ ప్రీస్కూల్ మూడేళ్ళు నిండినవాళ్ళకి. ఏడాదిన్నర బిడ్డని పొద్దున వదిలి సాయంత్రం తీసుకెళ్ళే చోటుగా మామూలు అంగన్‌వాడీని కట్టలేదు. పీహెచ్‌డీ చేసే ఆడవాళ్ళకి యూజీసీ 2016లో కోర్సు మొత్తం మీద 240 రోజుల దాకా ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఇచ్చింది. మంచిదే. కానీ సెలవు అంటే చదువు ఆపుకుని ఇంటికి వెళ్ళడం. బిడ్డ పక్కన ఉండగానే చదువు కొనసాగించడం వేరే సంగతి.

ఈమధ్య ఒక మార్పు వచ్చింది. 2022లో మిషన్ శక్తి కింద పాల్నా అనే పథకంలో అంగన్‌వాడీ కమ్ క్రెష్‌లు పెట్టారు. తల్లికి ఉద్యోగం ఉన్నా లేకపోయినా బిడ్డని చేర్చుకోవచ్చని అందులో ఉంది. అంటే కాగితం మీద చదువుకునే తల్లికి తలుపు తెరిచారు. మీకు తెలిసినవాళ్ళకి అవసరమైతే దగ్గర్లో ఎక్కడ ఉందో అంగన్‌వాడీలో ఈ పేరుతో అడగండి. అదే 2022లో దుర్గాబాయి మొదలుపెట్టిన సంక్షేమ బోర్డుని మూసేశారు.

అమెరికాలో అయినా అంతేనా?

మన ఫ్రెండ్స్ సగంమంది ఎమ్మెస్‌కి అక్కడే ఉన్నారు కాబట్టి అడుగుదాం. అక్కడ కూడా దాదాపు ఇదే వరస. రెండో ప్రపంచయుద్ధంలో మగవాళ్ళు యుద్ధానికి, ఆడవాళ్ళు ఫ్యాక్టరీలకి వెళ్తే, లాన్‌హమ్ చట్టం కింద ప్రభుత్వమే దేశమంతా నర్సరీలు నడిపింది. లక్షలమంది పిల్లలు పెరిగారు. యుద్ధం అయిపోయింది, 1946లో ఆ డబ్బు ఆపేశారు. అంటే అక్కడా బిడ్డకి చోటు దొరికింది తల్లి చేతిపని దేశానికి కావాల్సి వచ్చినప్పుడే. 1971లో దేశమంతటికీ పిల్లల సంరక్షణ ఏర్పాటు చేసే బిల్లు కాంగ్రెస్‌లో పాసైతే, ప్రెసిడెంట్ నిక్సన్ డిసెంబర్‌లో వీటో చేశారు.

చదువుకునే తల్లిదండ్రుల పేరు పెట్టి ఫెడరల్ డబ్బు కేటాయించింది 1998లో. తక్కువ ఆదాయం ఉన్న స్టూడెంట్ల పిల్లల కోసం కాలేజీలకి గ్రాంట్లు ఇచ్చే కార్యక్రమం అది. దాదాపు అదే సమయంలో మినియాపోలిస్‌లో జెరమయా ప్రోగ్రామ్ అనే లాభాపేక్ష లేని సంస్థ, కాలేజీలో చదువుకునే ఒంటరి తల్లులకి ఇల్లు, అదే ఆవరణలో పిల్లలకి మంచి ప్రీస్కూల్ కలిపి ఇవ్వడం మొదలుపెట్టింది. ఇప్పుడు వీళ్ళు దీన్ని రెండు తరాల పద్ధతి అంటారు. వినగానే నాకు ఫిలడెల్ఫియాలో చెక్క దిమ్మల ముందు కూర్చున్న రమాబాయి గుర్తొచ్చారు. అమెరికాలో డిగ్రీ చదివేవాళ్ళలో దాదాపు ఐదుగురిలో ఒకరికి పిల్లలున్నారు. అయినా కమ్యూనిటీ కాలేజీల్లో క్యాంపస్ చైల్డ్ కేర్ ఉన్నవాటి వాటా 2003-04లో 53 శాతం ఉంటే 2015కి 44 శాతానికి పడిపోయింది. ముందుకే వెళ్తుంది అనుకునే గ్రాఫ్ కూడా కిందకి వస్తుంది, ఎవరూ అడక్కపోతే.

మరి మనం చూడాల్సింది

ఈ నూట నలభై ఏళ్ళ కథలో నాకు ఒకే వరస కనిపిస్తోంది. పనిచేసే తల్లి బిడ్డ గురించి యజమాని, ప్రభుత్వం ఎంతో కొంత ఆలోచించాయి, ఎందుకంటే ఆ తల్లి ఆగితే ఉత్పత్తి ఆగుతుంది. చదువుకునే తల్లి ఆగితే వెంటనే ఎవరికీ నష్టం కనపడదు. అటెండెన్స్ తగ్గుతుంది, డిటెయిన్ అవుతుంది, తర్వాత రావడం మానేస్తుంది. రికార్డులో డ్రాపవుట్ అని ఒక మాట పడుతుంది. బిడ్డని చూసేవాళ్ళు లేక అని ఎక్కడా రాయరు. తల్లి లేని ఇంట్లో పిల్లల్ని పెంచుకుంటూ చదివే తండ్రి పరిస్థితీ ఇదే. అతని గురించైతే ఎవరూ అడగను కూడా అడగరు.

అందుకే సీట్లు, స్కాలర్‌షిప్‌లు, ఫీజు రీయింబర్స్‌మెంట్ గురించి మాట్లాడేటప్పుడు ఇంకో లైన్ కలపాలి. ఈ క్యాంపస్‌లో లేదా దగ్గర్లో పిల్లల్ని ఉంచే చోటు ఉందా? ఎన్నింటి నుంచి ఎన్నింటిదాకా? ల్యాబ్ సాయంత్రం ఐదింటిదాకా ఉంటే ఆ చోటు కూడా ఐదింటిదాకా తెరిచి ఉంటుందా? మూడేళ్ళలోపు పిల్లల్ని తీసుకుంటారా? పరీక్షల రోజుల్లో సంగతేంటి? ఇంకా, అక్కడ బిడ్డని చేర్చినందుకు తల్లి ఎవరికైనా లోబడి ఉండాలా? ఈ ఆఖరి ప్రశ్న మనకి రమాబాయి ఇచ్చి వెళ్ళింది.

కొత్త బిల్డింగ్ అక్కర్లేదు చాలా చోట్ల. ఎర్లీ చైల్డ్‌హుడ్ కోర్సులు, హోమ్ సైన్స్, నర్సింగ్ చదివే స్టూడెంట్లున్న కాలేజీలున్నాయి. వాళ్ళకి ప్రాక్టికల్స్ కావాలి. ట్రైనింగ్ పొందిన టీచరు, ఆయా ఉండి, ఒక శుభ్రమైన గది ఉండి, వీళ్ళు వాళ్ళ కింద నేర్చుకుంటే రెండు పనులూ అవుతాయి. బాలసేవికల ట్రైనింగ్‌తో దుర్గాబాయి వేసిన లెక్క లాంటిదే.

మీ క్లాసులో ఎవరైనా తరచూ లేటుగా వస్తుంటే, ఫస్ట్ అవర్ మిస్సవుతుంటే, ఫోన్ మోగగానే బయటికి పరిగెత్తుతుంటే, సీరియస్‌నెస్ లేదని అనుకునే ముందు ఒక్కసారి అడగండి. నోట్స్ పంపడం, రికార్డింగ్ షేర్ చెయ్యడం ఈరోజే చెయ్యగలం. క్రెష్ కోసం ప్రిన్సిపాల్‌కి లెటర్ పెట్టడం వచ్చే వారం చెయ్యగలం. దుర్గాబాయి పేపర్లో ప్రకటన ఇచ్చి మనుషుల్ని పోగేశారు. మన చేతిలో ఫోన్ ఉంది.

ఈ ఎపిసోడ్ ఇంతే. చదువు ఆపేసి మళ్ళీ మొదలుపెట్టాలా వద్దా అని ఊగిసలాడుతున్న అక్కో, వదినో, ఫ్రెండో ఉంటే వాళ్ళకి పంపండి. మళ్ళీ కలుద్దాం, ఉంటాను.